సత్రం కాని సత్రం: పింగ్‌యావ్ పాత లోగిళ్లలో బస

హోటల్ యాప్‌లో చైనాలోని పాత ఊరు పింగ్‌యావ్ పేరు కొడితే వచ్చే ఫొటోలన్నీ ఇంచుమించు ఒకేలా ఉంటాయి. నల్లబడిన ఇటుక గోడ, తలుపుకి అటూ ఇటూ ఎర్ర లాంతర్లు, చెక్క జాలీ కిటికీ, దాని పక్కనే ఈ గోడ నుంచి ఆ గోడ దాకా పరుచుకున్న పెద్ద మంచం. 'మింగ్ కాలం నాటి ఇల్లు' అని ఒకరు రాస్తారు, 'మూడు వందల ఏళ్ల సత్రం' అని ఇంకొకరు. అద్దె చూస్తే మన దగ్గర ఓ మాదిరి లాడ్జి కంటే మరీ ఎక్కువేం ఉండదు. అంత పాత ఇంట్లో, ఆ ధరకి, బాత్‌రూమ్, ఏసీ, వైఫైతో సహా గది ఇస్తున్నారంటే ఎక్కడో తేడా కొట్టాలి కదా.

కొడుతుంది. కాకపోతే మనం అనుమానించే చోట కొట్టదు. ఇల్లు చాలాసార్లు నిజంగానే పాతది. 'సత్రం' అన్న మాటే కొత్తది. ఆ ఇంట్లో వందల ఏళ్ల పాటు ఏ బాటసారీ పడుకోలేదు, పడుకోనిచ్చేవాళ్లూ కాదు. ఈ ఒక్క ముడి విప్పితే మిగతావన్నీ వాటంతటవే విడిపోతాయి: ఆ ఊరు ఎందుకు మిగిలింది, మనం పడుకునే మంచం కింద ఏముంది, బాత్‌రూమ్ ఎందుకు వాసనొస్తుంది, అన్నీ.

చైనీస్‌లో ఇలాంటి బసను కెజాన్ అంటారు. 'కె' అంటే బయటి నుంచి వచ్చిన మనిషి, అతిథి. 'జాన్' అంటే సరుకు దింపుకునే గిడ్డంగి అని కూడా అర్థం. మనిషీ మూటలూ కలిసి దిగే చోటన్నమాట. పాత చైనాలో ఎవరు ఎక్కడ పడుకోవాలో ముందే తేలిపోయి ఉండేది. సర్కారు పని మీద తిరిగే అధికారులకి, టపా మోసే రౌతులకి దారి పొడవునా ప్రభుత్వ మజిలీలు ఉండేవి. గుర్రం మార్చుకోవడం, భోజనం, పడక అన్నీ అక్కడే. మామూలు జనాన్ని లోపలికి రానిచ్చేవాళ్లు కాదు. బీజింగ్‌కి వాయవ్యంగా హెబెయ్ రాష్ట్రంలో జీమింగ్‌యీ అనే అలాంటి మజిలీ ఊరు ప్రాకారంతో సహా ఇప్పటికీ నిలబడి ఉంది. దూర నగరాల్లో వ్యాపారం చేసుకునేవాళ్లకి సొంత ప్రాంతం వాళ్లు కట్టించుకున్న సంఘ భవనాలుండేవి. కాశీలో, తిరుపతిలో మన కులసత్రాలు ఉన్నట్టే, కాకపోతే అక్కడ కులం బదులు సొంతూరు చూసేవాళ్లు.

ఈ రెండింటికీ చెందని మనిషి డబ్బిచ్చి సత్రంలో దిగాలి. ఉత్తరాదిలో అయితే అది బళ్ల సత్రం. వాకిట్లో బళ్లు, గాడిదలు, కంచర గాడిదలు. లోపల ఒకే పొడవాటి అరుగు, దాని మీద పదిమంది వరసగా, పక్కవాడి మోచెయ్యి మన పక్కటెముకల్లో. మన పూటకూళ్ల ఇల్లు దీని ముందు రాజభోగం. ఇలాంటి సత్రాలను కాపాడాలని ఎవరికి మాత్రం ఎందుకనిపిస్తుంది? చాలామటుకు కాలగర్భంలో కలిసిపోయాయి.

వాటి నుంచి ఒక అలవాటు మాత్రం మిగిలింది. మింగ్ రాజవంశం పాలనలో (1368–1644) సత్రం నడిపేవాడు నెలకో రిజిస్టర్ పెట్టాలి. దిగిన వర్తకుడి పేరు, వెంట ఎంతమంది, ఏ రోజు బయల్దేరాడు, అన్నీ ఏ రోజుకారోజు రాసి నెలాఖరున అధికారులకి చూపించాలి. అంతకుముందు మంగోలుల కాలంలోనే హాంగ్‌జౌలో సత్రం వాళ్లు పేర్లు రాసుకోవడం గురించి మార్కో పోలో చెప్పాడు. ఇవాళ కౌంటర్ దగ్గర మన పాస్‌పోర్ట్ తీసుకుని స్కాన్ చేసి పోలీసుల సిస్టమ్‌లోకి ఎక్కిస్తుంటే కొంతమంది కంగారు పడతారు. పాత రిజిస్టర్ కంప్యూటర్‌లోకి వచ్చింది, అంతే.

మరి ఇప్పుడు కెజాన్ బోర్డు పెట్టుకున్న ఇళ్లు ఎవరివి? ఎక్కువ భాగం వర్తకులవి, షావుకార్లవి. 1990ల నుంచి పర్యాటకులు రావడం మొదలయ్యాక ఆ ఇళ్ల గుమ్మాలకి ఈ పాత మాట తగిలించారు. కుంగ్‌ఫూ సినిమాల్లో కత్తి వీపున కట్టుకున్న వీరుడు దిగి సారా తెమ్మని కేకేసే చోటు కూడా కెజానే కాబట్టి ఆ మాటకి మంచి గిరాకీ ఉంది. గదులకి నంబర్ల బదులు 'ఆకాశం', 'భూమి' అని పేర్లు పెట్టేవాళ్లూ ఉన్నారు. అది కూడా సీరియళ్ల పుణ్యమే.

ఇక ఊరి సంగతి. పింగ్‌యావ్ షాన్‌షి రాష్ట్రంలో, రాజధాని తైయువాన్‌కి దక్షిణంగా దాదాపు 100 కిలోమీటర్ల దూరంలో ఉంది. చిన్నది. ప్రాకారం లోపలంతా కలిపి 2.25 చదరపు కిలోమీటర్లు. ఈ కొస నుంచి ఆ కొసకి అరగంటలో నడిచేయొచ్చు. ప్రాకారం చుట్టుకొలత 6 కిలోమీటర్లు, ఇప్పుడున్న రూపం 1370 నాటిది. ఇంత చిన్న ఊళ్లో మింగ్, దాని తర్వాతి చింగ్ రాజవంశాల కాలాల లోగిళ్లు 3,700కి పైగా ఉన్నాయి. అంత డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందన్నది అసలు ప్రశ్న.

హుండీల నుంచి. గుడి హుండీలు కాదు, ఒక ఊళ్లో డబ్బు కట్టి ఇంకో ఊళ్లో తీసుకునే చీటీలు. 1820లలో ఇక్కడి ఒక రంగుల దుకాణం వాళ్లకి ఆలోచన వచ్చింది. బీజింగ్‌లో వ్యాపారం చేసే పింగ్‌యావ్ వాళ్లు ఏడాది చివర వెండి మూటలు కట్టి ఊరికి పంపుతున్నారు. దారిలో దొంగలు. కాపలాకి కత్తి పట్టిన మనుషుల్ని పెట్టుకోవాలి, ఆ కాపలా కంపెనీలకి బోలెడు ఖర్చు. అదే వెండి బీజింగ్ కొట్లో కట్టి, చీటీ రాయించుకుని, ఇక్కడి కొట్లో చూపించి తీసుకుంటే? మన షావుకార్లు నడిపిన హుండీ కూడా సరిగ్గా ఇదే. రంగుల వ్యాపారం పక్కన పెట్టి 1823 ప్రాంతంలో ఆ దుకాణం రిషెంగ్‌చాంగ్ అన్న పేరుతో పూర్తిగా డబ్బు పంపే కొట్టుగా మారింది. చీటీని దొంగలు ఎత్తుకుపోయినా పనికిరాకుండా నెలకో అక్షరం, తేదీకో అక్షరం, అంకెకో అక్షరం చొప్పున రహస్య సంకేతాలు పెట్టారు. పన్నెండు నెలల పన్నెండు అక్షరాలు కలిపి చదివితే 'దొంగ చీటీలతో జాగ్రత్త, రాతా ముద్రా నిదానంగా చూసుకో' అని ఒక వాక్యం వస్తుంది. తర్వాత సంకేతాలు మార్చేస్తూ ఉండేవాళ్లు. వన్ టైమ్ పాస్‌వర్డ్ చూసి మురిసిపోయే మనకి ఇది కాస్త వినయం నేర్పాలి.

ఆ వ్యాపారం మంచి ఊపులో ఉన్నప్పుడు దేశం మొత్తం మీద ఇలాంటి హుండీ కొట్లు 51 ఉంటే వాటిలో 22 పింగ్‌యావ్‌వే. దూరపు శాఖల్లో పనిచేసే గుమాస్తాలు భార్యాపిల్లల్ని వెంట తీసుకెళ్లకూడదు. మూడేళ్లకోసారి ఇంటికి సెలవు. సంపాదించిందంతా ఊరికే వచ్చేది, వచ్చిందంతా ఇటుకగా, చెక్కడంగా, గుమ్మంగా మారేది. మగాళ్లు ఏళ్ల తరబడి లేని ఇళ్లు అవి. దుబాయ్ డబ్బుతో కట్టిన మేడలు, అమెరికా డాలర్లతో లేచిన మేడలు చూసినవాళ్లకి ఆ లెక్క వేరే చెప్పక్కర్లేదు.

తర్వాత అన్నీ ఒకేసారి కూలాయి. సర్కారు బ్యాంకులు, విదేశీ బ్యాంకులు వచ్చాయి. 1911లో విప్లవం వచ్చి చింగ్ రాజవంశం పోయింది, దానికిచ్చిన అప్పులూ పోయాయి. 1914లో రిషెంగ్‌చాంగ్ దివాలా తీసింది. ఊరు పేదదైపోయింది. ఆ పేదరికమే దాన్ని కాపాడింది. చేతిలో డబ్బున్న ఊళ్లు పాత ఇళ్లు పడగొట్టి కొత్తవి కట్టుకున్నాయి, ప్రాకారాలు కూల్చి రోడ్లు వేసుకున్నాయి. బీజింగ్ గోడే దాదాపు మిగల్లేదు. పింగ్‌యావ్‌కి కూల్చే ఖర్చు కూడా లేదు. షావుకార్ల లోగిళ్లలో వాటాలు పడ్డాయి. ఒక్కో ఇంట్లో నాలుగైదు కుటుంబాలు చేరాయి. వాకిట్లో షెడ్లు లేచాయి, బొగ్గు కుప్పలు వచ్చాయి.

1980 ప్రాంతంలో ఊరికి కొద్దిగా డబ్బు రాగానే మొదట పుట్టిన ఆలోచన వెడల్పు రోడ్లు. ప్లాన్ గీశారు, కొన్ని పాత ఇళ్లు కూల్చేశారు కూడా. షాంఘైలోని తోంగ్‌జీ విశ్వవిద్యాలయం నుంచి రువాన్ యీసాన్ అనే నగర ప్రణాళికల ప్రొఫెసర్ వచ్చి, విద్యార్థులతో కలిసి వేరే ప్లాన్ గీశాడు: పాత ఊరిని ముట్టుకోవద్దు, కొత్త ఊరు గోడ బయట కట్టుకోండి అని. చాలా మామూలు మాటలా ఉంది కదా, అప్పుడు ఒప్పించడానికి ఆయన బీజింగ్ దాకా తిరగాల్సి వచ్చింది. 1986లో ప్రభుత్వం దాన్ని చారిత్రక నగరంగా గుర్తించింది, 1997లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది.

ఇల్లు చదవడం

పింగ్‌యావ్‌లో దిగిన రోజు సాయంత్రం నా గది ఎక్కడో తెలుసుకోవడానికి నాకు పావుగంట పట్టింది. నవంబర్ చలి. సందులో రెండు వైపులా ఎత్తైన ఇటుక గోడలే. ఒక్క కిటికీ లేదు. అన్ని ఇళ్లూ వీధికి వీపు తిప్పి కూర్చున్నట్టుంటాయి. గుమ్మం కనపడ్డాక గడప. మామూలు గడప కాదు, కాలు బాగా ఎత్తి దాటాలి. సూట్‌కేస్ చక్రాలకి ఇంతకంటే పెద్ద శత్రువు లేదు. గడప తొక్కకూడదు, దాటాలి అన్నది మనకి ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు, అక్కడా అదే మర్యాద. దాటగానే ఎదురుగా మళ్లీ గోడ. చెక్కడాలతో ఒక అడ్డుగోడ. దయ్యాలు తిన్నగానే నడుస్తాయి, మలుపు తిరగలేవు అన్న నమ్మకం ఒకటి చెప్తారు. దయ్యాల సంగతేమో గానీ, వీధిలో పోయేవాడి చూపు మాత్రం ఖచ్చితంగా అక్కడే ఆగిపోతుంది.

అడ్డుగోడ పక్క నుంచి తిరిగితే వాకిలి. బీజింగ్ లోగిళ్లు చతురంగా ఉంటాయి, ఇక్కడివి సన్నగా, పొడుగ్గా. చైనీస్‌లో సూర్యుడికి రాసే అక్షరం ఒక నిలువు పెట్టె, మధ్యలో అడ్డగీత. రెండు వాకిళ్ల ఇంటి ప్లాన్ అచ్చం అలాగే ఉంటుంది. అదే పెట్టెలో రెండు గీతలు గీస్తే 'కన్ను', అది మూడు వాకిళ్ల ఇల్లు. ఎంత లోపలికి పోతే అంత సొంతవాళ్ల చోటు.

తలెత్తి చూస్తే పైకప్పు సగమే ఉన్నట్టుంటుంది. పక్క గదుల కప్పులకి ఒకటే వాలు, అదీ లోపలి వైపుకే. పడ్డ వాన చుక్క సొంత వాకిట్లోనే పడాలి. 'ఎరువు నీళ్లు పరాయివాడి పొలంలోకి పోనివ్వకు' అని వాళ్ల సామెత. ఇది చూసినప్పుడు నాకు గోదావరి జిల్లాల మండువా లోగిలి గుర్తుకు రాకుండా ఎలా ఉంటుంది? అక్కడా నాలుగు వైపుల కప్పూ లోపలికే వాలి, వానంతా నడి మండువాలో పడుతుంది. పోలిక అక్కడితో సరి. మన మండువా చుట్టూ వసారా ఉంటుంది, తడవకుండా ఈ గది నుంచి ఆ గదికి పోవచ్చు. ఇక్కడ ప్రతి గదీ దాదాపు విడి ఇల్లే. గది తలుపు తీస్తే నెత్తిన ఆకాశం, జనవరిలో అయితే మంచు.

అన్నిటికంటే చిత్రమైనది చిట్టచివర, దక్షిణం చూస్తూ నిలబడ్డ పెద్ద ఇల్లు. ముందు చెక్క వసారా, స్తంభాలు, జాలీ చూసి చెక్క ఇల్లే అనుకుంటాం. లోపలికి వెళ్తే నెత్తి మీద సగం గొట్టంలా ఇటుక కమాను. అది గుహ. షాన్‌షి అంతా మెత్తటి పసుపు మట్టి కొండల నేల, కొండ తొలిచి గదులు చేసుకుని బతికిన జనం వాళ్లు. పింగ్‌యావ్ చదునైన నేల. తొలవడానికి కొండ లేకపోతే ఇటుకతోనే గుహ కట్టుకున్నారు, ఒకదాని పక్కన ఒకటి మూడు గానీ ఐదు గానీ. డబ్బొచ్చి షావుకారు అయినా పడుకోవడానికి గుహే కావాలి. మందపాటి గోడలు, ఎండాకాలం చల్లన, చలికాలం వెచ్చన. కాబట్టి ఇంట్లోకెల్లా గొప్ప గది ఇదే, ఇంటి పెద్దలది. తూర్పు వరస పెద్ద కొడుక్కి, పడమటి వరస చిన్నవాళ్లకి, వీధి గుమ్మం పక్కన ఉత్తరం చూసే వరస వచ్చిపోయేవాళ్లకి, పనివాళ్లకి.

ఇప్పుడు మీ బుకింగ్ యాప్ తెరవండి. సాధారణంగా ఎక్కువ ధర పలికే 'డీలక్స్' గది ఆ తాతగారి గుహే. చవకగా వచ్చేది గుమ్మం పక్క గది, చలికాలంలో ఎండ మొహం చూడదు. యజమానులు అక్షరాలా పాత వరసనే టారిఫ్‌గా రాసుకున్నారు. గది ఎంచుకునేటప్పుడు ఫొటో కంటే ఇదే ఎక్కువ పనికొస్తుంది: ఏ వరసలో ఉంది, ఎటు చూస్తోంది అని అడగండి.

మంచం కింద ఏముంది

నా గదిలో కిటికీ పక్కన గోడ నుంచి గోడ దాకా ఉన్న ఆ పెద్ద మంచం పేరు కాంగ్. అసలైన కాంగ్ ఇటుకతో కట్టిన అరుగు. ఒక చివర పొయ్యి. పొయ్యి పొగ బయటికి తిన్నగా పోకుండా అరుగు కడుపులో మెలికలు తిరిగిన దారుల గుండా పోయి, రెండో చివర గోడలోని పొగగొట్టం ఎక్కుతుంది. సాయంత్రం వంట చేస్తే ఆ వేడిని ఇటుక పట్టుకుని తెల్లారేదాకా కొంచెం కొంచెంగా వదులుతుంది. పగలు ఆ అరుగు మీదే చిన్న బల్ల వేసుకుని తినడం, లెక్కలు రాసుకోవడం, కుట్లు, కబుర్లు. చలి దేశంలో ఇల్లంటే నిజానికి ఆ అరుగే. దాన్ని కిటికీకి ఆనించి కట్టడంలో కూడా లెక్క ఉంది. గుహకి వెలుతురు వచ్చేది ముందు నుంచే.

నేను వంగి ముందు భాగం వేలితో కొట్టి చూశాను. డొల్ల చప్పుడు. ప్లైవుడ్ పెట్టె, మీద పరుపు, పరుపు మీద ఎలక్ట్రిక్ దుప్పటి. మర్నాడు ఆ ఇంటావిడ నా అనుమానం కనిపెట్టి నవ్వుకుంటూ పెద్ద గది తలుపు తీసి చూపించింది. అక్కడ మాత్రం అసలుది ఉంది, మసి పట్టిన పొయ్యి నోటితో సహా. దాన్ని కూడా వెలిగించట్లేదు. బొగ్గు పొగ మీద ఆంక్షలు వచ్చాయి, గదిలో పొగ నిలిస్తే ప్రాణాల మీదికి వస్తుందన్న భయం కూడా ఉంది. పొయ్యి నోట్లో ఇప్పుడు వైఫై రౌటర్ పెట్టుకుంది. మంచి చోటే, వెచ్చగా ఉంటుందేమో పాపం.

మరి ఇది మోసమా? నాకైతే అనిపించలేదు. చైనాలో పాత కట్టడాల పని చేసేవాళ్ల దగ్గర 'పాతదాన్ని పాతదానిలాగే బాగుచెయ్యి' అని ఒక సూత్రం ఉంది. పుచ్చిన వాసం తీసి అదే కొలతతో కొత్త వాసం వేస్తారు. కాగితం అంటించిన కిటికీ జాలీకి లోపలి వైపు అద్దం పెడతారు. చెక్క ఇళ్లలో ఇదెప్పుడూ నడుస్తూనే ఉంటుంది, ఇల్లు కట్టిన షావుకారు బతికుండగానే నడిచి ఉంటుంది. మన గుళ్లకి జీర్ణోద్ధరణ చేసి కూడా వెయ్యేళ్ల గుడి అనే చెప్పుకుంటాం. నా వరకు గీత ఎక్కడంటే, గోడ, కమాను, వాకిలి కొలతలు, కప్పు వాలు ఉన్నవి ఉన్నట్టు ఉంటే ఇల్లు పాతదే. లాంతర్లు, మంచం, పరదాలు ఎలా ఉన్నా ఫరవాలేదు. అదే వాకిలి మీద గాజు కప్పు వేసి రిసెప్షన్ చేసేస్తే, ఎంత పాత ఇటుక ఉన్నా నేను దాన్ని పాత ఇల్లు అనను. వాకిలి పోయాక లోగిలి ఏమిటి?

అసలు గొడవంతా బాత్‌రూమ్‌తో. ఆ ఇళ్లలో గదిలోపల మరుగుదొడ్డి అన్న ఆలోచనే లేదు. ఉంటే వాకిలి మూలన ఒక గుంట. ఇప్పుడు ప్రతి గదికీ ఒకటి కావాలి. ముందు కిటికీ, కాంగ్ ఉన్నాయి, పక్క గోడలు మోసే గోడలు, తొలవకూడదు. మిగిలింది గుహ వెనక భాగం. అక్కడ కిటికీ ఉండదు, గాలి ఆడదు. వేడి నీళ్ల ఆవిరి పాత ఇటుకలోకి దిగుతుంది. కాలవ ఆ చివర నుంచి వాకిలంతా దాటి సందులోకి రావాలి, వాలు చాలదు. ఇలాంటి బసల గురించి జనం చెప్పుకునే ఫిర్యాదుల్లో డ్రైనేజీ వాసన ఎప్పుడూ ఉండేది అందుకే. నా గదిలోనూ ఉంది. మొదటి రాత్రి తిట్టుకున్నాను, రెండో రాత్రి డ్రెయిన్ మీద తడి తువ్వాలు వేసి పడుకున్నాను.

శబ్దం ఇంకో సంగతి. కిటికీలన్నీ ఒకే వాకిట్లోకి. ఎదురు గదిలో దగ్గితే మీ గదిలో వినిపిస్తుంది. తలుపు రెండు రెక్కలది, లోపల చెక్క గడియ, బయటికి వెళ్లేటప్పుడు తాళం కప్ప. కార్డ్ కీ అలవాటైన వేళ్లకి ఆ గడియ జరపడం ఒక ముచ్చట.

ఎవరి ఇల్లు, ఎవరి వ్యాపారం

ఇళ్లకి ఈ సత్రం ఉద్యోగం మంచి చేసిందా చెడు చేసిందా అన్నది తేలిగ్గా తేలే విషయం కాదు. ఇటుకా చెక్కా కలిసిన ఇల్లు ఏటా చెయ్యి పడకపోతే నిలవదు. పైపెంకు ఒకటి జారితే వాసం నానుతుంది, వాసం పోతే గోడ. 2021 అక్టోబరులో షాన్‌షిలో కనీవినీ ఎరగని వానలు పడితే పింగ్‌యావ్ ప్రాకారమే ఒకచోట 25 మీటర్ల మేర జారిపోయింది. ప్రభుత్వం కన్నేసి ఉంచే గోడకే ఆ గతి పడితే, నలుగురు వాటాదార్లున్న లోగిలి ఎవరు బాగుచేయిస్తారు? సొంత ఇళ్లవాళ్లకి మరమ్మతు ఖర్చులో కొంత స్థానిక ప్రభుత్వం ఇస్తోంది, మిగతాది వాళ్లే పెట్టుకోవాలి. గదులు అద్దెకిస్తే తప్ప ఆ మిగతా ఎక్కడి నుంచి వస్తుంది?

అటువైపు చూస్తే లీజియాంగ్ ఉంది. యునన్ రాష్ట్రంలో నాషీ జాతి జనం ఊరు, పింగ్‌యావ్‌తో పాటు అదే 1997లో యునెస్కో జాబితాకెక్కింది. అంతకుముందు ఏడాది పెద్ద భూకంపం వచ్చి మూడు వందల మందికి పైగా చనిపోయారు. దూలాలూ స్తంభాలూ మేకులు లేకుండా ఒకదాంట్లో ఒకటి దిగేసి కట్టిన అక్కడి పాత ఇళ్లు చాలావాటికి గోడలు పడిపోయినా చట్రం నిలబడిందని చెప్తారు. భూకంపానికి తట్టుకున్న ఊరు పర్యాటకానికి తట్టుకోలేకపోయింది. స్థానికులు ఏళ్ల లీజుకి ఇళ్లు బయటివాళ్లకి ఇచ్చేసి, ఆ డబ్బుతో కొత్త ఊళ్లో ఫ్లాట్లకి పోయారు. వాళ్లని తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. లిఫ్టూ, హీటరూ, కారు పార్కింగూ ఉన్న ఇల్లు ఎవరికి చేదు? అయితే ఇప్పుడు అక్కడ పాత ఇంట్లో దిగితే టీ పోసేది ఆ ఇంటివాళ్లు కారు, ఎక్కడి నుంచో వచ్చిన లీజుదారు. పింగ్‌యావ్‌లోనూ గోడ లోపల ఒకప్పుడు నలభై వేలకి పైగా జనం ఉండేవాళ్లు. ఊపిరాడటం కోసం ఆఫీసులు, స్కూళ్లు బయటికి తరలించారు. బడి పోయిన చోటు నుంచి పిల్లలున్న సంసారాలు కూడా పోతాయి కదా.

నిప్పు భయం వేరే. 2014 జనవరి 11న యునన్‌లోనే షాంగ్రి-లా దగ్గర దుకెజోంగ్ అనే పాత టిబెటన్ ఊరు ఒక్క రాత్రిలో సగానికి పైగా కాలిపోయింది, రెండు వందలకి పైగా ఇళ్లు. మొదలైంది ఒక కెజాన్‌లో, ఎలక్ట్రిక్ హీటర్ దగ్గర. గడ్డకట్టే చలిలో ఫైర్ హైడ్రంట్ల నుంచి సరిపడా నీళ్లు రాలేదు, సన్నటి సందుల్లోకి ఫైరింజన్లు పోలేకపోయాయి. అప్పటి నుంచి చెక్క ఇళ్ల సత్రాల మీద తనిఖీలు పెరిగాయి. గది మూలన ఎర్ర సిలిండర్, గోడకి వేలాడే పొగ మాస్కు ఫొటో అందాన్ని పాడుచేస్తున్నాయని విసుక్కోకండి.

వెళ్లేవాళ్ల కోసం రెండు మాటలు

2020లో ఆగిపోయిన భారత్-చైనా నేరు విమానాలు 2025 అక్టోబరులో మళ్లీ మొదలయ్యాయి కాబట్టి ఇదేమీ గొంతెమ్మ కోరిక కాదు. పింగ్‌యావ్ పాత నగరం పేరుతోనే 2014 నుంచి బుల్లెట్ రైలు స్టేషన్ ఉంది. షియాన్ నుంచి మూడు గంటలు, బీజింగ్ నుంచి సుమారు నాలుగు. స్టేషన్ ఊరి బయట. గోడ లోపలికి కార్లు పోవు, కాబట్టి బస వాళ్ల బ్యాటరీ బండి ఏ గుమ్మం దగ్గరికి వస్తుందో ముందే కనుక్కోవాలి.

బుక్ చేసేముందు విదేశీ పాస్‌పోర్ట్ తీసుకుంటారా అని మెసేజ్ పెట్టండి. ఒకప్పుడు విదేశీయుల్ని దించుకోవడానికి కొన్ని హోటళ్లకే అనుమతి ఉండేది. ఆ నియమం పోయి చాలా ఏళ్లయింది, కాదనకూడదని 2024లో పైనుంచి మళ్లీ ఆదేశాలూ వచ్చాయి. అయినా చిన్న చోట్ల పాస్‌పోర్ట్ ఎలా ఎక్కించాలో తెలియక 'గదుల్లేవు' అనేవాళ్లు ఉన్నారు. హోటల్లో దిగితే నమోదు వాళ్ల బాధ్యత. స్నేహితుల ఇంట్లో దిగితే 24 గంటల్లో మనమే పోలీసుల దగ్గర నమోదు చేయించుకోవాలి. అక్కడ మెడిసిన్ చదివే మన పిల్లల్ని అడిగితే ఈ 24 గంటల టెన్షన్ గురించి కథలు కథలుగా చెప్తారు.

తిండికి కష్టం లేదు. ఊరి పేరుమీద ప్రసిద్ధమైనది పశుమాంసం, తిననివాళ్లు ఆ మాట ముందే నేర్చుకోవాలి. ఓట్స్ పిండిని పల్చగా చుట్టి తేనెపట్టులా నిలబెట్టి ఆవిరి పట్టే వంటకం ఒకటుంది, షాన్‌షి నల్ల వెనిగర్‌లో ముంచుకుని తింటే కడుపు చల్లగా ఉంటుంది. గిన్నెల్లో ఆవిరి పట్టి జున్ను ముక్కల్లా కోసే పిండివంటకి కూడా ఆ వెనిగరే ప్రాణం.

రెండో రోజు పొద్దున్నే ఆరు దాటగానే బయటికొచ్చాను. రాత్రి ఎర్ర లాంతర్లతో వెలిగిన సందు అప్పుడు బూడిద రంగులో ఉంది. ఎదుటి ఇంటికి బోర్డు లేదు, లాంతర్లు లేవు. ఒక ముసలావిడ దూది కోటు వేసుకుని, ఎత్తు గడప మీద చెయ్యి ఆనించి ఒక కాలు, తర్వాత ఇంకో కాలు నెమ్మదిగా దాటించింది. చేతిలో ప్లాస్టిక్ మగ్గు, మెడ చుట్టూ తువ్వాలు. సందు చివర ఉన్న పబ్లిక్ మరుగుదొడ్డి వైపు నడిచింది. ఆవిడ గుహకి వెనక భాగం ఇంకా అలాగే ఉందన్నమాట.